ఒక్క చార్జింగుతో పలివెల

బ్యాటరీ స్కూటరు కొన్నరోజు షాపులో అరవై కిలోమీటర్లు నడుస్తుందని చెప్పారు. అమలాపురం వీధుల్లో అది ముప్పై దాటడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు దానికి రెండేళ్ళు నిండాయి. ఆ బండి మీద పలివెల వెళ్ళి, మధ్యలో చార్జింగు పెట్టకుండా అదేరోజు ఇంటికి తిరిగి రావాలని బయలుదేరాను. రానూపోనూ నలభై కిలోమీటర్ల పైమాటే.

ఎందుకో చెప్పాలి. కిందటి కార్తికంలో మావారు పోయారు. పలివెల నా పుట్టిల్లు. అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో జూన్ నుంచి తెలుగు చెప్పే పని ఇస్తామన్నారు. సాయంత్రం పిల్లల్ని చదివించి పంపేసరికి పొద్దు వాలుతుంది. ఆ వేళకు వచ్చే బస్సులు నిండిపోయి వస్తాయి, పలివెలలో ఆగుతాయన్న నమ్మకం లేదు. అన్నయ్యకు ఇందులో సమస్యే కనపడలేదు. "మా ఇంట్లో ఉండు. బడి నడిచెళ్ళేంత దూరం. ఎవరొద్దన్నారు?" అన్నాడు.

అన్నయ్య మంచివాడు. వదిన అంతకంటే మంచిది. అయినా నాకు నా ఇల్లు వదలాలని లేదు. ఆ ఇంట్లో ఆయన లేరని ప్రతి గదిలోనూ తెలుస్తుంది. ఇంకో ఇంటికి వెళితే ఆ లేకపోవడం కూడా ఉండదు. ఇది ఫోనులో చెప్పగలిగిన మాట కాదు. అందుకని స్కూటరు సంగతి చెప్పాను. అన్నయ్య నవ్వాడు.

"సరే, మధ్యలో చార్జింగు పెట్టకుండా ఒకసారి వచ్చి వెళ్ళి చూపించు. దారిలో ఆగిపోతే మాత్రం ఇంక మాట్లాడకుండా మేడమీద గదిలో దిగాలి."

ఒప్పుకున్నాను. రెండువేల తొమ్మిది ఏప్రిల్ చివరి శనివారం బయలుదేరాను. ఇలాంటి బండి ఉండి దూరం వెళ్ళడానికి జంకేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందురోజు చేసిన పనులు రెండే. సైకిలు షాపుకు తీసుకెళ్ళి రెండు టైర్లలోనూ గాలి కొట్టించాను. గాలి తక్కువైతే టైరు రోడ్డుకు అతుక్కుపోతుంది, బ్యాటరీ అరగంటలో అలిసిపోతుంది. తర్వాత సీటు కింద పెట్టె ఖాళీ చేశాను. అందులో ఆయన రెయిన్‌కోటు, రెండు స్పానర్లు, చదివి మడిచి పెట్టిన పాత వారపత్రికలు ఉన్నాయి. బరువు తగ్గాలని అన్నీ తీశాను. రెయిన్‌కోటు మాత్రం మళ్ళీ పెట్టాను. ఏప్రిల్లో వాన రాదని నాకు తెలుసు.

రాత్రి చార్జింగు పెట్టి, పొద్దున చార్జరు మీద పచ్చ దీపం వెలిగాకే తీశాను. ఆరు దాటాక గేటు వేసి బయటపడ్డాను.

ఊళ్ళో తిరిగేటప్పుడు ఈ బండి ఎందుకు తక్కువ దూరం వస్తుందో నాకు నిదానంగా అర్థమైంది. ఆగిన బండిని కదిలించడానికే ఎక్కువ ఖర్చవుతుంది. కదిలాక దానికి పెద్దగా అక్కర్లేదు. హ్యాండిలు ఒక్కసారిగా తిప్పితే బ్యాటరీ మీటరులో సూది కిందికి పడిపోతుంది, కొద్దికొద్దిగా తిప్పితే కదిలీ కదలనట్టు ఉంటుంది. మావారు ఎప్పుడూ పూర్తిగా తిప్పేవారు. "సగం తిప్పుకోడానికా కొన్నది?" అనేవారు. నేను సగమే తిప్పాను. ముందు ఎవరైనా అడ్డం వస్తారనిపిస్తే దూరం నుంచే హ్యాండిలు వదిలేశాను. బ్రేకు వేస్తే మనం ఖర్చుపెట్టి తెచ్చుకున్న వేగాన్ని మనమే పారబోసినట్టు.

బండారులంక దగ్గర మగ్గాల చప్పుడు వినిపించింది. బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో, ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఈ బండికి చప్పుడు లేదు. దానివల్ల ఇబ్బందీ ఉంది. రోడ్డు పక్క ఆపుకున్న ఒక ఆటో అతను నన్ను చూసి కేకేశాడు.

"మేడంగారూ, ఇంజను ఆగిపోయిందండి, చూసుకోండి!"

"ఆగలేదండి, దీనికి ఇంజను లేదు."

"ఆయ్! లేకుండానే ఎల్లిపోతన్నారా!" అని పక్కనున్న అతనితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కార్తికం తర్వాత దారినపోయేవాళ్ళతో నవ్వడం అదే మొదలనుకుంటాను.

అంబాజీపేట చేరేసరికి ఇంకా ఎండ ముదరలేదు. కొబ్బరి లారీలు అప్పటికే వరసగా నిలబడి ఉన్నాయి. పాక హోటల్లో ఇడ్లీ తిని టీ తాగాను. రెంటికీ కలిపి పదిహేను రూపాయలు. ఆకలేసి కాదు గానీ, బండికి విశ్రాంతి ఇవ్వడం మంచిదని ఆగాను. ఈ బ్యాటరీలు కాసేపు ఊరుకోబెడితే కొంత కోలుకుంటాయి. ఆపినప్పటికంటే సూది, తిరిగి ఎక్కినప్పుడు కాస్త పైకి ఉంటుంది. ఇది మనుషులకూ వర్తిస్తుందని రాయాలనిపిస్తుంది. నా అనుభవంలో వర్తించలేదు కాబట్టి రాయను.

అక్కడినుంచి ముక్కామల దాకా కాలువ పక్కనే రోడ్డు. వేసవి కదా, కాలువకు నీళ్ళు కట్టేశారు. అడుగున బురద, అందులో కొంగలు. నా వెనకనుంచి ఒకాయన సైకిలు మీద రెండు వైపులా కొబ్బరికాయల సంచులు వేలాడేసుకుని వచ్చి, పక్కకొచ్చి తొక్కుతూ అడిగాడు.

"అమ్మగారూ, ముందుకెళ్ళిపోమంటారా?"

"వెళ్ళండి."

"ఏమనుకోకండే. కాయలున్నాయి గానండి, లేకపోతే తాడు కట్టి మిమ్మల్ని లాక్కెళ్ళిపోదును."

ఆయన నన్ను దాటి వెళ్ళిపోయాడు. హ్యాండిలు కొంచెం తిప్పితే నేనూ దాటగలను. తిప్పలేదు. సైకిలు ముందుంటే మంచిదే. దాని వెనక వెళితే వేగం పెరగదు. ముక్కామల దాకా ఆయన వీపు చూస్తూ వెళ్ళాను.

పలివెలలో అన్నయ్య ఇంటి ముందు దిగేసరికి ఎనిమిది కాలేదు. అన్నయ్య అరుగు మీద నిలబడి ఉన్నాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత బండిని చూశాడు.

"ఆగకుండా వచ్చేసిందా?"

"ఆగకుండానే."

"రావడం గొప్ప కాదులే. ఎదురుగాలి సాయంత్రం కదా ఉండేది," అన్నాడు. అది నిజమే. పొద్దున గాలి ఉండదు. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి లేస్తుంది. అమలాపురం వైపు వచ్చేవాళ్ళకు అది మొహానికి కొడుతుంది.

సూది సగానికి కాస్త పైన ఉంది. పందెం ప్రకారం చార్జింగు పెట్టకూడదు. అయినా వదిన ఊరుకోలేదు. "ఆ పందెం మీ అన్నయ్యది. నా ఇంట్లో కరెంటు నాది. పెట్టుకో అమ్మాయ్," అంది. బ్యాటరీ వేడిగా ఉండగా పెడితే పాడవుతుంది, చల్లారాక పెడతానని చెప్పాను. నిజానికి నాకు వదిన మాట వినాలని ఉంది. చల్లారాక ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసేసరికి చార్జరు మీద దీపం వెలగలేదు. అప్పుడే కరెంటు పోయింది. వేసవి కోత, సాయంత్రం దాకా రాదన్నారు. అన్నయ్య పంచె సర్దుకుంటూ లోపలికి వెళ్ళిన తీరులో సంతోషం ఉంది. నేను తొందరపడి ఉంటే గంటసేపైనా ఎక్కేది. ఒకరకంగా మంచిదే అయింది. రేపు బడిలోనూ ఇదే కోత ఉంటుంది.

భోజనానికి మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. తర్వాత అన్నయ్య మేడమీదికి రమ్మన్నాడు. గది తలుపు తీశాడు. సున్నం వేయించి ఉంది. కిటికీ పక్కన పనసచెక్కతో కొత్తగా చేయించిన పుస్తకాల బీరువా.

"నీ పుస్తకాలన్నీ పడతాయా?"

"పడతాయి."

"వడ్రంగికి రెండుసార్లు చెప్పాను, అరలు ఎత్తుగా ఉండాలని. నీవి పెద్ద పెద్దవి కదా."

అంతకంటే నన్ను బలవంతం చెయ్యలేదు. బలవంతం చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. బీరువా మీద చెయ్యివేసి కాసేపు నిలబడ్డాను. ఈ గదిలో నాకు ఏ లోటూ ఉండదు. పొద్దున కాఫీ వస్తుంది, రాత్రి ఎవరో ఒకరు తలుపు దగ్గరికొచ్చి పడుకున్నావా అని అడుగుతారు. ఆరునెలలు గడిస్తే ఇక్కడ నేను ఎవరినో నాకే తెలియకుండా పోతుంది.

మూడింటికి బడికి వెళ్ళాను. కరస్పాండెంటుగారు పెద్దాయన, మాట తక్కువ. నేను చదివినవీ, ఇదివరకు చెప్పినవీ అడిగారు. చివరికి అసలు సంగతి అడిగారు.

"రోజూ రాగలరా అమ్మా? మధ్యలో మానేస్తే పిల్లలు పాడైపోతారండి."

"ఇవాళ ఇంటికి చేరాక చెప్తానండి."

ఆయనకు ఆ జవాబు అర్థం కాలేదు. అయినా తల ఊపారు.

నాలుగున్నరకు బయలుదేరబోయాను. ఇక్కడ ఒక సంగతి వివరించాలి. మా వైపు ఆడపడుచును పుట్టింటి నుంచి ఉత్త చేతులతో పంపరు. ఇన్నేళ్ళూ నేను బయలుదేరేటప్పుడు వదిన బొట్టు పెట్టి, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క చేతిలో పెట్టేది. ఈసారి కూడా వదిన అలవాటుగా గూట్లో కుంకుమ భరిణె వైపు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అక్కడే ఆగింది. నన్ను చూడకుండా, గూటి చెక్క మీద లేని దుమ్ము తుడిచింది.

అన్నయ్య అది చూశాడు. పెరట్లోకి వెళ్ళి ఒక గోనెసంచి లాక్కొచ్చాడు. నిండా కొబ్బరికాయలు. దాని మీద అరటిపళ్ళ అత్తం. ఇంకో చేతిలో కంద.

"అన్నయ్యా, ఇంత బరువు బండి లాగదు."

"ఎంత బరువే? వలిచిన కాయలే."

వదిన అందుకుంది. "పూతరేకులు తెప్పించండీ, దూదిలా ఉంటాయీ అని పొద్దుట్నించీ చెప్తున్నాను. వింటేనా!"

"పూతరేకులు చేత్తో పట్టుకుంటే ఏమిచ్చినట్టుంటుంది?" అన్నాడు అన్నయ్య.

పసుపు కుంకుమలకు బరువు లేదు. వాటి బదులు ఇచ్చేవాటికి ఉంది. నన్ను ఓడించాలని అన్నయ్య ఆ సంచి తేలేదు. ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి తెచ్చాడు. అది తెలిసి వద్దనలేకపోయాను. సంచి కాళ్ళ దగ్గర పెట్టి తాడుతో కట్టాడు. నా పాదాలు పెట్టుకోడానికి అంగుళం చోటు మిగిలింది.

పలివెల దాటకముందే తేడా తెలిసింది. పొద్దున సగం తిప్పితే వచ్చిన వేగానికి ఇప్పుడు ముప్పాతిక తిప్పాలి. సూది వెంటనే కిందికి వాలుతోంది. ముక్కామల దగ్గర గాలి మొహానికి తగిలింది. కొబ్బరిచెట్ల మట్టలన్నీ నా వైపే వాలి ఊగుతున్నాయి. చీర కొంగు బిగించి, ముందుకు వంగి కూర్చున్నాను. గాలికి ఎంత తక్కువగా కనపడితే అంత మంచిది. వేగం బాగా తగ్గించాను. ఎదురుగాలిలో నిదానమే లాభం. అయినా అంబాజీపేట కనపడేసరికి సూది ఎర్రగీతలోకి దిగింది. హ్యాండిలు వదిలితే పైకి వస్తోంది, తిప్పితే పడిపోతోంది. ఇంకా దాదాపు సగం దారి ఉంది.

ఊరు మొదట్లో ఒక సోడా కొట్టు ముందు ఆపాను. కొట్టులో ఉన్నావిడకు ముప్పై దాటి ఉంటాయి. నిమ్మకాయ సోడా అడిగి, బల్లమీద కూర్చున్నాను. ఆవిడ బండినీ సంచినీ చూసింది.

"పుట్టింటి నించాండి?"

"అవునండి. ఎలా తెలిసింది?"

"కొనుక్కున్నవాళ్ళు అంత ఇబ్బందిగా కట్టుకోరండి."

బ్యాటరీ సంగతి చెప్పాను. బరువు తీస్తే తప్ప ఇల్లు చేరదని కూడా చెప్పాను. ఆవిడ సోడా గోళీ నొక్కి, గ్లాసు నా చేతికిచ్చింది.

"మా ఆయన కువైట్ ఎల్లేటప్పుడూ ఇదే గొడవండి. మా అత్తగారు ఆవకాయ జాడీ పెట్టేత్తారు. ఇమానం దగ్గర తూకం ఏత్తే ఎక్కువొచ్చేత్తాది. అక్కడే తీయించేత్తారు. రెండుసార్లు ఆ జాడీ నాతోనే ఎనక్కొచ్చిందండి."

"మీ అత్తగారికి చెప్పారా?"

"అమ్మో! మా పుట్టింటికి పంపించేశానండి. ఆయన కువైట్లో తింటన్నాడనే అనుకుంటన్నారు ఆవిడ. బాగుందా నాయనా అని ఫోన్లో అడిగితే, బెమ్మాండం అంటాడండి ఈయన."

నేను కూడా అలా చెయ్యవచ్చు. సంచి ఇక్కడ వదిలేసి, ఇంటికి చేరి, కాయలు బాగున్నాయని ఫోను చెయ్యవచ్చు. కానీ ఈ దారిలో నేను రోజూ వెళ్ళిరావాలనుకుంటున్నాను. ఈ ఒక్కరోజు అబద్ధంతో గెలిస్తే, జూన్‌లో మళ్ళీ సంచి వస్తుంది. అన్నయ్యకు ఫోను చేశాను.

"ఎక్కడున్నావే? ఆగిపోయిందా?"

"అంబాజీపేటలో. ఆగిపోలేదు, నేనే ఆపాను. కాయలు ఇక్కడ దింపేస్తున్నాను అన్నయ్యా."



"దింపితే పందెం చెల్లదు."

వెనకనుంచి వదిన గొంతు వినపడింది. "బడికి కాయలు మోసుకెళ్తుందా ఏంటండీ రోజూ? ఎల్లనివ్వండి!"

అన్నయ్య గొంతు తగ్గించాడు. "అది కాదే. మీ వదిన ఏమీ ఇవ్వలేకపోయింది. నేను కూడా ఉత్త చేతుల్తో ఎలా పంపను?"

"జూన్ నుంచి రోజూ వస్తాను కదా. రోజూ సంచి కడతావా?"

  సోడా కొట్టావిడ గ్లాసులు కడగడం ఆపి నా వైపు చూస్తోంది.

"రోజూ వచ్చేదానికి ఎవరిస్తారే కాయలు," అన్నాడు చివరికి. "ఎండన పడి వస్తావు కదా, ఓ గ్లాసు మజ్జిగ తాగి పో. అంతే." తర్వాత, "ఆ సంచి అక్కడే ఉంచు. పొద్దున వచ్చి నేను తెచ్చుకుంటాను. చేరాక చెప్పు," అని పెట్టేశాడు.

కాయల్లో నాలుగు ఆవిడను ఉంచుకోమన్నాను. "పుట్టింటోళ్ళిచ్చింది పంచిపెట్టేసుకుంటారాండి ఎవరైనా?" అని కోప్పడి ఒక్కటీ తీసుకోలేదు. అత్తం లోంచి రెండు పళ్ళు మాత్రం తీసుకుని, ఒకటి నా చేతిలో పెట్టింది. సోడాకు డబ్బు తీసుకుంది.

నేను ఫోనులో మాట్లాడినంతసేపూ బండి నీడలో ఉంది. ఎక్కి హ్యాండిలు తిప్పితే సూది ఎర్రగీత దాటి పైకి వచ్చింది. కాళ్ళకు చోటు దొరికింది. చీకటి పడేదాకా దీపం వెయ్యలేదు. బండారులంక దాటాక గాలి తగ్గింది. అమలాపురం మొదట్లో కాలువ వంతెన ఎక్కేచోట దిగి, హ్యాండిలు కొద్దిగా తిప్పుతూ బండి పక్కన నడిచాను. ఎత్తు ఎక్కేటప్పుడు మనిషి దిగితే బ్యాటరీకి చాలా మిగులుతుంది. ఎదురొచ్చినాయన జాలిగా అడిగాడు.

"ఆగిపోయిందాండి?"

"లేదండి. వస్తోంది."

ఇంటికి చేరేసరికి సూది పూర్తిగా కిందనే ఉంది, బండి మనిషి నడకంత వేగంతో వస్తోంది. అయినా గేటు దాకా అదే వచ్చింది, తొయ్యలేదు. తాళం తియ్యకముందే కరస్పాండెంటుగారికి ఫోను చేసి రోజూ వస్తానని చెప్పాను. తర్వాత అన్నయ్యకు చేశాను. "ఊఁ" అన్నాడు. ఆ గదిలో బీరువా ఏం చేస్తావని అడిగాను. "ఉండనీ. వానాకాలంలో ఏ రోజైనా ఆగిపోతావుగా, చదువుకోడానికి రెండు పుస్తకాలు పెట్టి పో," అన్నాడు. అలాగేనన్నాను.

ఈ దారిన బ్యాటరీ బండి మీద వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. టైర్లలో గాలి చూసుకోండి. హ్యాండిలు సగమే తిప్పండి. సాయంత్రం ఎదురుగాలిలో తొందరపడకండి, వంతెన దగ్గర దిగడానికి సిగ్గుపడకండి. వెళ్ళిన చోట ఏమీ ఇవ్వొద్దని ముందే చెప్పండి. చెప్పినా ఇస్తారు. ఇవ్వకుండా ఉండాలంటే రోజూ వెళ్ళడం తప్ప నాకు వేరే మార్గం తోచలేదు.